నాగార్జునసాగర్ నీళ్లకు తగిన వేగపు తెరచాప పడవను సొంతంగా గీసి కట్టుకోవడం ఎలా

ఇంజను లేకుండా, ఒక్క మనిషి తెరచాపతో నడిపే వేగపు పడవను సొంతంగా రూపకల్పన చేసి, నల్గొండలోనో మిర్యాలగూడలోనో ఒక షెడ్డు కింద కట్టుకోదలచిన వారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను. వడ్రంగి పనిముట్లతో కొంత చనువు, హైస్కూలు లెక్కలు, ఒక ఏడాది ఓపిక ఉంటే చాలు. పని మొదలుపెట్టే ముందే ధాన్యం తూచే డిజిటల్ కాంటా ఒకటి, గ్రాముల్లో తూచే చిన్న కాంటా ఒకటి, ఒక నోటు పుస్తకం సమకూర్చుకోండి. మన ప్రాంతపు తేలిక గాలుల్లో పడవ వేగాన్ని నిర్ణయించేది ఖరీదైన సామగ్రి కాదు, బరువు. అందుకే పడవలో చేరే ప్రతి వస్తువూ కాంటా ఎక్కిన తరువాతే షెడ్డులోకి రావాలి.

గాలినీ నీటినీ చూసి గీత మొదలుపెట్టండి

సాగర్ జలాశయంలో గానీ, శ్రీశైలం వెనుక జలాల్లో సోమశిల వైపు గానీ నమ్మదగిన గాలి జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి దిక్కు నుంచి వీస్తుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి పలచగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా గాలి స్తంభించి, సాయంత్రం మబ్బు కమ్మగానే ఈదురుగాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. చుట్టూ గుట్టలు ఉండడంతో వానకాలపు గాలి కూడా తెరలు తెరలుగా, దిక్కు మార్చుకుంటూ వస్తుంది. కనుక మీ పడవ పలచటి గాలిలో కదలాలి, విసురు వచ్చినప్పుడు బోల్తా పడకుండా దాన్ని వేగంగా మార్చుకోవాలి.

నీటి నుంచి పైకి లేచి రెక్కల మీద పరుగెత్తే అంతర్జాతీయ మాత్ తరగతి పడవల వీడియోలు చూసి చాలామంది అటువంటిదే కట్టాలని ఆశపడతారు. మొదటి పడవకు ఆ ఆలోచన వద్దని నా అభిప్రాయం. ఆ రెక్కలకు ఎప్పుడూ లోతైన నీరు ఉండాలి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు కాగా, ఎండాకాలం నాటికి నీరు బాగా తగ్గి రాళ్లు, మోడులు, చేపల వలలు పైకి తేలుతాయి. ప్లైవుడ్‌తో, చదును పలకలతో కట్టినా వేగపు పడవ సాధ్యమేనని బ్రిటన్‌కు చెందిన పడవల రూపశిల్పి పీటర్ మిల్న్ 1962లో గీసిన ఫైర్‌బాల్ ఎప్పుడో నిరూపించింది. ఆ తరగతి పడవలు ఇప్పటికీ పోటీల్లో ఉన్నాయి.

పని తిథులు కూడా వాతావరణాన్ని బట్టే పెట్టుకోవాలి. వానకాలంలో గీతలు, లెక్కలు ముగించి, దసరా తరువాత పలకలు కోసి, సంక్రాంతి అటూ ఇటూగా ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పని అంతా పూర్తిచేసుకుంటే, రంగులకు ఎండాకాలం మిగులుతుంది. ఎగువ నుంచి వరద చేరే నాటికి పడవ సిద్ధంగా ఉంటుంది.

కాగితం మీద మూడు లెక్కలు

మొదటిది బరువు. పడవ 48 కిలోలు, మాస్ట్ (తెరచాపను నిలిపే స్తంభం), తెరచాప, చుక్కాని, తాళ్లు కలిపి 17, లైఫ్ జాకెట్‌తో సహా మనిషి 75 అనుకుంటే మొత్తం 140 కిలోలు. మన నీరు మంచినీరు కాబట్టి పడవ సరిగ్గా 140 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. సముద్రం కోసం గీసిన నమూనాను యథాతథంగా తెచ్చుకుంటే అది ఇక్కడ రెండున్నర శాతం ఎక్కువ మునుగుతుందని గుర్తుంచుకోండి. మొత్తం పొడవు 4.2 మీటర్లు, నీటిగీత (నీటి మట్టం పడవను తాకే గీత) వద్ద పొడవు 4 మీటర్లు, అక్కడి వెడల్పు 1.05 మీటర్లు, పై అంచు వెడల్పు 1.5 మీటర్లు పెట్టుకుంటే, మనిషి ఎక్కిన తరువాత పడవ మధ్యలో సుమారు 8 సెంటీమీటర్ల లోతు మాత్రమే మునుగుతుంది. ఆపైన చేరే ప్రతి పది కిలోలకు మూడున్నర మిల్లీమీటర్లు అదనంగా దిగుతుంది. వినడానికి స్వల్పంగానే ఉన్నా, పలచటి గాలిలో ఆ మాత్రపు తడి కూడా వెనక్కి లాగుతుంది.

రెండవది వేగపు హద్దు. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తాను లేపిన అలను తానే దాటలేదు. నీటిగీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని వస్తుంది. మన 4 మీటర్ల పడవకు అది 4.85, అంటే గంటకు 9 కిలోమీటర్లు. ఆ హద్దును దాటాలంటే పడవ నీటిపైకి లేచి జారాలి. అందుకు వెనుక సగం అడుగుభాగం దాదాపు చదునుగా, నిలువు దిశలో వంపు లేకుండా సాగి, వెనుక పలక కింది అంచు నీటిని తాకీ తాకనట్టు ఉండాలి. ముందు భాగం మాత్రం సన్నగా, లోతైన వీ ఆకారంలో మొదలై, మాస్ట్ దాటాక క్రమంగా చదునవ్వాలి. 1928లో బ్రిటిష్ పడవల రూపశిల్పి ఉఫా ఫాక్స్ తన అవెంజర్ పడవతో చూపించినది ఈ జారుడు ఆకారపు బలాన్నే.

మూడవది ఎదురు తూకం. గాలి తెరచాప మీద పెట్టే బలం గాలి వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ఏడు చదరపు మీటర్ల తెరచాపకు, సెకనుకు 5 మీటర్ల గాలిలో, అంటే గంటకు 18 కిలోమీటర్ల వద్ద, పక్కకు తోసే బలం సుమారు 12 కిలోలు. తెరచాప కేంద్రానికీ పడవ పక్కకు జారకుండా ఆపే నీటి కింది పలక కేంద్రానికీ నడుమ 2.8 మీటర్ల దూరం ఉందనుకుంటే, పడవను ఒరిగించే తిప్పుబలం 34 కిలోగ్రాము-మీటర్లు. లెక్కల పుస్తకంలో ప్రమాణాలను స్పష్టంగా రాసుకోండి. గాలి గంటకు 28 కిలోమీటర్లకు చేరగానే అదే తిప్పుబలం సుమారు 82 అవుతుంది. 75 కిలోల మనిషి పడవ లోపలి పట్టీలకు పాదాలు తగిలించి బయటకు వాలితే, అతని బరువు కేంద్రం పడవ నడిమిగీత నుంచి సుమారు 1.1 మీటర్ల దూరం పోతుంది. అంటే అతను ఇవ్వగల ఎదురు తూకం 82 లేదా 83. గంటకు 28 కిలోమీటర్ల గాలి దాకా పడవను నిటారుగా నిలపగలరు, ఆపైన తెరచాపను వదులు చేయాలి. మీ బరువు 60 కిలోలే అయితే పై అంచును కొద్దిగా వెడల్పు చేయండి, లేదా తెరచాపను తగ్గించండి.

గీత నుంచి పలకల దాకా

ఫ్రీషిప్, డెల్ఫ్ట్‌షిప్ వంటి సాఫ్ట్‌వేర్లు పడవ ఆకారాన్ని చదును పలకలుగా విప్పి కొలతలు ఇస్తాయి. ప్రతి పలకా ఒక్క దిశలోనే వంగేలా గీయడం ముఖ్యం, ఎందుకంటే ప్లైవుడ్ రెండు దిశల్లో ఏకకాలంలో వంగదు. కొలతలు చేతికి రాగానే ప్లైవుడ్ కొనకండి. ముందు చార్టు అట్ట మీద ఐదో వంతు నమూనా కోసి, టేపుతో అతికించి చూడండి. ముక్కు దగ్గర పలక మొండికేస్తే అట్టలోనే తెలిసిపోతుంది.

ప్లైవుడ్ విషయంలో తొందర పనికిరాదు. మన దుకాణాల్లో ఐఎస్ 710 ముద్రతో దొరికే మెరైన్ ప్లైవుడ్ జిగురు గట్టిది. 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది ఆ ప్రమాణపు షరతు. అయితే అది చాలావరకు గర్జన్ వంటి బరువైన కలపతో చేసినది. 4 మిల్లీమీటర్ల మందం, 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒకౌమే అనే తేలిక కలపదైతే సుమారు 6 కిలోలు, గర్జన్‌దైతే 9 కిలోల దాకా తూగుతుంది. మన పడవకు సుమారు పన్నెండున్నర చదరపు మీటర్ల పలక, వృథాతో కలిపి ఆరు షీట్లు కావాలి. ఆ కలప తేడాతోనే తయారైన పడవలో 12 కిలోలు పెరుగుతాయి. ఒకౌమే ఖరీదైనదే, కానీ ఖర్చు పెట్టవలసిన చోటు ఇదే. దుకాణంలో ప్రతి షీటునూ తూయించండి, ఒక అంచు నుంచి పొరలు చూడండి, నడిమి పొరలో సందులుంటే వదిలేయండి. చిన్న ముక్కను ఇంట్లో కొన్ని గంటలు ఉడికించి, ఆరాక ఉలితో పొరలను లేపి చూస్తే జిగురు సంగతి తేలిపోతుంది.

ఎనిమిది అడుగుల షీటు 4.2 మీటర్ల పడవకు చాలదు కాబట్టి రెండింటిని ఏటవాలు అతుకుతో కలపాలి. మందానికి ఎనిమిది రెట్ల పొడవున, అంటే 32 మిల్లీమీటర్ల మేర, రెండు అంచులనూ రందాతో చిత్రిక పట్టాలి. షీట్లను మెట్లుగా ఒకదానిపై ఒకటి పేర్చి పడితే జిగురు పొరలు సమాంతర చారలుగా కనిపిస్తాయి. ఆ చారలు తిన్నగా ఉంటే వాలు సరిగా వచ్చినట్టే. పలకల అంచులు గీయడానికి ముడి లేని సన్నని కొయ్య బద్దను మేకుల వెంట వంచి, కంటిని బద్ద ఎత్తుకు దించి చూడండి. ఎక్కడ గుంత, ఎక్కడ గుబ్బ ఉన్నాయో కొలతల కంటే కన్నే ముందు చెబుతుంది.

కుట్టడం, అతకడం

పలకల అంచుల్లో పది, పదిహేను సెంటీమీటర్లకు ఒక రంధ్రం చేసి, రాగి తీగతో కుట్టి పడవ ఆకారం తెచ్చే పద్ధతిని 1962 నాటి మిర్రర్ పడవ ప్రపంచానికి పరిచయం చేసింది. మనకు తీగ కోసం వెతుక్కోనక్కరలేదు. బోరు మోటార్లు చుట్టే వైండింగు షాపులో 18 గేజి రాగి తీగ తూకానికి దొరుకుతుంది, పైపూత ఉంటే గీరేస్తే సరి. సెంట్రింగు పనిలో వాడే ఇనుప బైండింగ్ వైరు మాత్రం వాడకండి, మరిచిపోయిన ఒక్క ముక్క చాలు, తుప్పు మరక రంగును చీల్చుకుని బయటకు వస్తుంది. కుట్టు పూర్తయ్యాక ముక్కు నుంచి వెనుక పలకలోని రెండు మూలలకు దారం లాగి కొలవండి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే పడవ మెలి తిరిగినట్టు. అడ్డుపలకలు పెట్టేలోపు దాన్ని సరిచేయాలి. ఎపాక్సీ గట్టిపడిన తరువాత ఏ బలమూ ఆ మెలిని తీయలేదు.

ఎపాక్సీ మన వాతావరణంలో ప్రత్యేక శ్రద్ధ కోరుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం సుమారు రెట్టింపవుతుంది. చలికాలపు ఉదయం అరగంట పనిచేసే కలపు, మే నెల మధ్యాహ్నం కప్పులోనే వేడెక్కి పొగలు కక్కుతుంది. జిగురును నెమ్మదిగా గట్టిపరిచే రెండో ద్రవం, అంటే హార్డెనర్‌ను కొనండి. ఒక్కసారికి వంద గ్రాములకు మించి కలపకండి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పోయండి. డబ్బా మీద చెప్పిన పాళ్లను కాంటా మీద గ్రాముల్లో తూచాలే తప్ప కంటి అంచనాతో కాదు. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందన్నది రంగుల పనిలో అలవాటైన భ్రమ; ఎపాక్సీలో దాని ఫలితం ఎప్పటికీ మెత్తగా మిగిలే అతుకు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. దీనితో వచ్చే అలర్జీ ఒకసారి పట్టుకుంటే మళ్లీ పోదు.

కొయ్యకు తొలి పూత ఎప్పుడూ సాయంత్రం, వేడి తగ్గుతున్న వేళ వేయండి. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలుగా పైకి వస్తుంది. సాయంత్రం అదే గాలి కుంచించుకుని ఎపాక్సీని లోపలికి పీల్చుకుంటుంది. తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆరిన పూత మీద జిడ్డు వంటి పొర ఏర్పడుతుంది. తరువాతి పూతకు ముందు దాన్ని మంచినీళ్లతో, పీచుతో కడిగి తీయాలి. కడగకుండా ఉప్పుకాగితం పడితే ఆ జిడ్డు ఇంకా లోపలికి రుద్దుకుపోతుంది.

లోపలి మూలలను గుండ్రంగా నింపడానికి ఎపాక్సీలో, గుడ్డలో జల్లించిన సన్నని రంపపు పొట్టు, కొంత సిలికా పొడి కలిపి, గోడలకు పెట్టే లప్పం కంటే కాస్త గట్టిగా చేసుకోండి. గుండ్రటి అంచున్న ముక్కతో సుమారు 20 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో లాగి, అది పచ్చిగా ఉండగానే దానిపై గ్లాస్ (గాజు నార) టేపు పరచండి. మూల పెద్దగా ఉంటే బలం ఎక్కువని అనుకోవద్దు, బరువు మాత్రమే ఎక్కువ. బయటి వైపు చదరపు మీటరుకు 200 గ్రాముల గ్లాసు గుడ్డ ఒక్క పొర చాలు. గుడ్డ బరువుకు సమానమైన ఎపాక్సీతో తడిపి, మిగులును రబ్బరు పలకతో లాగేయాలి. నేత గుర్తులు స్పష్టంగా కనబడుతూ ఉపరితలం మెరుపు లేకుండా ఉండాలి. అద్దంలా మెరుస్తుంటే గుడ్డ ఎపాక్సీలో తేలుతోందని అర్థం.

గాలి గదులు

రెండు పక్కలా, ముక్కులోనూ మూసిన గాలి గదులు ఉండాలి. పక్క గదులను మరీ పెద్దవిగా కట్టకండి. బోల్తా పడిన పడవ పక్క మీద ఎత్తుగా తేలితే, నీటి కింది పలక మీ చేతికందదు, పైగా గాలికి మీకంటే వేగంగా కొట్టుకుపోతుంది. ఒక్కో పక్కన 100 నుంచి 120 లీటర్లు సరిపోతాయి. ప్రతి గదికీ బిరడా, 1 మిల్లీమీటరు గాలి రంధ్రం తప్పనిసరి. 28 డిగ్రీల వద్ద బిగించిన గది ఎండలో 58 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం పది శాతం పెరుగుతుంది. అంటే చదరపు మీటరుకు సుమారు టన్ను బలం మీ 4 మిల్లీమీటర్ల పలకను లోపలి నుంచి తోస్తుంది. గట్టున ఉన్నంతసేపూ బిరడాలు తీసే ఉంచండి. ముదురు రంగులు కూడా వద్దు. గది ఉష్ణోగ్రతలో ఆరిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది, నల్గొండ ఎండలో నల్లటి పలక ఆ వేడిని సులువుగా దాటుతుంది. తెల్ల రంగు వేయండి.

డాగర్‌బోర్డ్, చుక్కాని

పడవ పక్కకు జారకుండా నీటి కింద నిలిచే డాగర్‌బోర్డ్ మీద పెట్టే శ్రమ మరెక్కడా ఇంత ఫలితం ఇవ్వదు. ముడి లేని పైన్ కలపను 40 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా చీల్చి, ఒకటి విడిచి ఒకటి తిరగేసి అతికిస్తే పలక వంకర పోదు. పడవ కింద మీటరు పొడవు, 250 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల గరిష్ఠ మందం పెట్టుకుని, ఎన్‌ఏసీఏ 0012 అనే ప్రామాణిక రెక్క ఆకారాన్ని అనుసరించండి. ముందు అంచు నుంచి 12.5 మిల్లీమీటర్ల దూరంలో సగం మందం 8.9, 25 వద్ద 11.7, 75 వద్ద 15, 125 వద్ద 13.2, 175 వద్ద 9.2, 225 వద్ద 3.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ కొలతలతో అల్యూమినియం రేకు మీద ఆడ అచ్చు కోసి, వెలుతురుకు ఎదురుగా పలకపై ఆనించి చూడండి. వెలుగు కనబడిన చోట పల్లం, అచ్చు ఆనిన చోట మిట్ట. వెనుక అంచును కత్తి వాదరలా పదును పెట్టకుండా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందంతో చదరంగా కోసేయండి. పదును పెట్టిన అంచు మొదటి రాయి తగలగానే చిట్లుతుంది.

బోల్తా పడ్డప్పుడు మీరు ఈ పలక మీదనే నిలబడి పడవను లేపుతారు కనుక, పైన గ్లాసు గుడ్డ, ఇరువైపులా నిలువుగా కార్బన్ నార పట్టీ ఒక్కొక్కటి వేయాలి. ఆరిన తరువాత పలక పై భాగాన్ని రెండు దూలాల నడుమ బిగించి, బయటకు పొడుచుకు వచ్చిన కొన మీద నిలబడి చూడండి. చిటపట శబ్దం వస్తే నీళ్లలోకి తీసుకుపోకండి. పలక దిగే పెట్టెకు లోపలి వైపు గ్లాసు గుడ్డ, ఎపాక్సీ పూతలు అతికించే ముందే వేయాలి, తరువాత చేయి దూరదు. ఆ పెట్టెను పలక వెడల్పు కంటే 5 సెంటీమీటర్లు పొడవుగా కట్టి, మిగిలిన సందును తీసి పెట్టగల కొయ్య ముక్కలతో నింపండి. చుక్కానికి ఇదే ఆకారంలో 0.1 చదరపు మీటరు చాలు. ఒడ్డున లోతు తక్కువ కాబట్టి అది వెనక్కి మడిచే రకమై ఉండాలి.

మాస్ట్, తెరచాప

మాస్ట్‌నూ తెరచాపనూ మొదటి పడవకు స్వయంగా చేయకండి. హుస్సేన్‌సాగర్‌లో సాధన చేసేవారు వాడే లేజర్ పడవ సామగ్రి, 7.06 చదరపు మీటర్ల తెరచాపతో సహా, పాతది దొరికితే తీసుకోండి. పై లెక్కలన్నీ దానికి సరిపోయేవే. ఈ మాస్ట్‌కు పక్క తాళ్లు ఉండవు కాబట్టి బరువంతా అది దిగే గొట్టం మీద పడుతుంది. 28 కిలోమీటర్ల గాలిలోనే డెక్ అంచు వద్ద సుమారు 180 కిలోల పక్క ఒత్తిడి ఉంటుంది, విసురులో అంతకు మించుతుంది. ఆ చోట డెక్ కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ దిమ్మ, చుట్టూ రెండు పొరల గ్లాసు గుడ్డ పెట్టి, గొట్టం అడుగును పడవ అడుగుపలకకూ అడ్డుపలకకూ కలిపి అతికించండి. తాళ్లకు పాలిస్టర్ వాడాలి, పశువులను కట్టే నైలాన్ తాడు సాగిపోతుంది. ఉప్పునీరు కాదు కాబట్టి 304 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు చాలు.

నీటిలోకి దించడం

ముందుగా నీటిపారుదల శాఖ, స్థానిక అధికారుల అనుమతి తీసుకోండి. ఒడ్డులో కొంత భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోకి వస్తుంది కనుక అటవీ శాఖ అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ పడవ ఆపరాదు. డ్యామ్ ముందరి నిషిద్ధ జలాల వైపు, ముఖ్యంగా 26 గేట్లలో ఏవైనా ఎత్తిన రోజుల్లో, అసలు పోవద్దు. పుట్టి వేసుకుని చేపలు పట్టేవారిని పలకరించండి, వలలు ఎక్కడున్నాయో, మోడులు ఎక్కడ దాగున్నాయో వారికంటే బాగా చెప్పగల పటం లేదు. వారిలో ఒకరిని మోటారు పడవతో దగ్గరలో ఉండమని మాట్లాడుకుంటే మరీ మంచిది.

పడవను ట్రాలీ ఆటోలో బోర్లా వేసి, కింద రెండు చోట్ల మెత్తలు పెట్టి హాలియా మీదుగా తీసుకుపోవచ్చు. తొలిరోజు గాలి పలచగా ఉన్నప్పుడు, కావాలనే బోల్తా కొట్టించి లేపడం సాధన చేయండి. ఆ నీటి లోతు మాస్ట్ పొడవును మించాలి, లేకపోతే మాస్ట్ కొన బురదలో దిగబడుతుంది. మాస్ట్ చివర ఐదు లీటర్ల ఖాళీ డబ్బా మూత బిగించి కడితే పడవ పూర్తిగా తలకిందులు కాదు. లైఫ్ జాకెట్ గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత చుక్కాని పిడిని వేళ్లతో మాత్రమే పట్టుకుని గాలికి ఎదురు వాలులో నడపండి. పడవ పదేపదే గాలి వైపు తిరగాలని లాగుతుంటే డాగర్‌బోర్డ్ పెట్టెలోని కొయ్య ముక్కలను ముందుకు మార్చి పలకను ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. గాలికి దూరంగా పోతుంటే ముందుకు. వేళ్లకు కొద్దిపాటి లాగుడు తెలిసే చోట ఆపి, ఆ ముక్కల కొలత పుస్తకంలో రాసుకోండి. ఒడ్డుకు రాగానే బిరడాలు తీసి ప్రతి గదిలోని నీటిని విడివిడిగా కప్పులోకి ఒంపి చూడండి. ఏ గదిలోనైనా గుక్కెడుకు మించి నీరుంటే, అతుకుల వెంట సబ్బునీరు పూసి, బిరడా రంధ్రంలో నోటితో నెమ్మదిగా ఊదితే బుడగ లేచిన చోటే కారుతున్న చోటు. కంప్రెసర్ గాలి పెట్టకండి, అతుకులు విడిపోతాయి. ఆ చోటును పూర్తిగా ఆరనిచ్చి, పాత ఎపాక్సీని గరుకు చేసి, సాయంత్రం వేళ కొత్త పూత వేయండి.